పొడి కాకముందే ప్లాస్టిక్‌ని పట్టుకునే పద్ధతి

డాబా మీద మొక్కలకు నీడ కోసం కట్టిన గ్రీన్ నెట్ మూడో వేసవికి ఒక మూల చిరిగింది. మార్చేద్దామని కొక్కెం దగ్గర పట్టుకుని లాగాను. అది గుడ్డ చిరిగినట్టు చిరగలేదు, వేయించిన అప్పడం నలిగినట్టు చేతిలో నలిగిపోయింది. ముక్కలు, పోగులు, పోగులకన్నా సన్నటి పొడి గాలికి లేచి డాబా అంతా పరుచుకున్నాయి. అరచెయ్యి ఆకుపచ్చగా అయింది. నేను ఆలోచించకుండా పైపు పట్టుకుని డాబా మొత్తం కడిగేశాను. పది నిమిషాల్లో గచ్చు అద్దంలా తయారైంది.

సాయంత్రం పాలకి వెళ్తూ వీధి చివర గెడ్డ దగ్గర ఆగాను. మా వాన గొట్టం నీళ్లు వీధి కాలువలోకి పోతాయి, కాలువ గెడ్డలో కలుస్తుంది, గెడ్డ వెళ్లి సముద్రంలో పడుతుంది. మాది విశాఖపట్నం, బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరం. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. పదార్థం ఎక్కడికీ పోదు, రూపం మారుతుంది అంతే అని ఏటా బోర్డు మీద రాశాను. పొద్దున నా చేత్తో కడిగిన నెట్ కూడా ఎక్కడికీ పోలేదని గెడ్డ గట్టున నిలబడినప్పుడు నాకు బాగా తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి రెండేళ్లుగా మా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ రాలుతోందో చూసుకుంటూ ఒక్కొక్కటీ మార్చుకుంటూ వస్తున్నాను. నేను చేసి చూసినవే ఇక్కడ రాస్తున్నాను. ఖర్చు తక్కువ, ఓపిక కాస్త ఎక్కువ కావాలి.

ముందు ఒక చిన్న లెక్క

ఒక సెంటీమీటరు కొలత ఉన్న ప్లాస్టిక్ పాచిక ఒకటి తీసుకున్నామనుకోండి. దాన్ని మిల్లీమీటరు పాచికలుగా కోస్తే వెయ్యి అవుతాయి. మిల్లీమీటరులో పదో వంతు సైజుకి కోస్తే పది లక్షలు. బరువు మాత్రం ఏమీ తగ్గలేదు. పైగా మొదట ఆరు చదరపు సెంటీమీటర్లున్న ఉపరితలం ఆరు వందలకు పెరిగింది. నీటిలో ఉన్న ఇతర విషాలు అంటుకోవడానికీ, ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు బయటికి రావడానికీ అంత జాగా దొరికిందన్నమాట.

5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. అంటే కందిగింజ సైజు దగ్గర మొదలై కంటికి ఆననంత వరకు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థాంప్సన్ బృందం 2004లో రాసిన పరిశోధన పత్రంతో ఈ మాట లోకానికి తెలిసింది.

కందిగింజంత ఉన్నవాటినే ఏరడం ఎంత కష్టమో 2025 మేలో చూశాం. ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ కేరళ తీరంలో మునిగింది. ప్లాస్టిక్ వస్తువుల తయారీకి వాడే తెల్లటి గుళికలు అందులోంచి తిరువనంతపురం బీచ్‌ల దాకా కొట్టుకొచ్చాయి. జనం జల్లెడలు పట్టుకుని ఇసుక జల్లించాల్సి వచ్చింది. అవి గుండ్రంగా, తెల్లగా, ఒకే సైజులో ఉన్న గుళికలు, అయినా అంత శ్రమ. నా నెట్ పొడికి ఏ జల్లెడ పట్టాలి?

మురుగునీటి శుద్ధి కేంద్రాలున్నాయి కదా అని మా ఆయన అడిగారు. మంచి కేంద్రమైతే నూటికి తొంభైకి పైగానే ఆపుతుంది, నిజమే. అయితే ఆపినది బురదలో చేరుతుంది. ఆ బురదను ఎరువుగా పొలాలకు తోలితే సముద్రానికి పోవాల్సింది చేలోకి పోయినట్టే. అసలు మన మురుగు అంతా శుద్ధి కేంద్రం దాకా వెళ్తే కదా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, నిజంగా శుద్ధి అయ్యేది 20,236 మిలియన్ లీటర్లే. డాబా మీది వాన నీళ్లు ఆ లెక్కలోకి కూడా రావు, నేరుగా గెడ్డకే పోతాయి.

కాబట్టి వస్తువు వస్తువుగా ఉన్నప్పుడే దాన్ని పట్టుకోవాలి. పొడి అయ్యాక మన చేతిలో ఉండదు.

డాబా మీద నుంచే మొదలుపెట్టండి

ఇల్లంతా వదిలి డాబా ఎందుకంటే, ప్లాస్టిక్‌ని పిండి చేసే తిరగలి ఎండే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్ అణువుల పొడవాటి గొలుసులను తెంపుతాయి. గొలుసు పొట్టిదయ్యే కొద్దీ వస్తువు పెళుసు బారుతుంది. లోపల గదిలో ఇరవై ఏళ్లు ఉండే బకెట్టు డాబా మీద మూడేళ్లకే పగులుతుంది, చూసే ఉంటారు. డ్రిప్పు పైపులు నల్లగా ఎందుకుంటాయంటే, వాటిలో కలిపే మసి ఎండను తానే పీల్చుకుని ప్లాస్టిక్‌ని కాపాడుతుంది. రంగురంగుల చౌక సరుకుకి ఆ రక్షణ తక్కువ.

ఒక ఆదివారం పొద్దున ఖాళీ చేతులతో పైకి వెళ్లండి. మూడు పరీక్షలు చేయండి.

మొదటిది అరచెయ్యి పరీక్ష. పాత ప్లాస్టిక్ కుర్చీ మీద, కుండీ అంచు మీద అరచెయ్యి గట్టిగా రుద్దండి. తెల్లటి సుద్దలాంటి పొడి అంటుకుంటే అది అప్పుడే రాలడం మొదలుపెట్టింది. రెండోది గోటి పరీక్ష. నైలాన్ తాడు మీద, గ్రో బ్యాగ్ అల్లిక మీద గోటితో గీకండి. సన్నటి పోగులు లేస్తే దానికి నూకలు చెల్లాయి. మూడోది మడత పరీక్ష. నెట్ లేదా టార్పాలిన్ అంచును నెమ్మదిగా మడిచి చూడండి. మడత దగ్గర మెత్తగా వంగితే ఇంకా బతుకుంది. సన్నగా చిటపటమన్నా, తెల్ల గీత పడినా ఇక ఒక్క ఎండ కూడా కాయనివ్వకండి.

మా డాబా మీద దొరికినవి చెబుతాను, మీకూ ఇంచుమించు ఇవే దొరుకుతాయి. గ్రో బ్యాగులు పన్నెండు. మట్టి నింపి గోడ పక్కన పెట్టిన సిమెంటు బస్తాలు నాలుగు. నీళ్ల ట్యాంకు మీద కప్పిన నీలం టార్పాలిన్. బట్టలారేసే తాడు. చేతిలోనే పుటుక్కుమని విరిగే బట్టల క్లిప్పులు, వాటి ముక్కలైతే ప్రతి మూలా ఉన్నాయి. కింద గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ మామిడాకుల తోరణం గురించి నాకు తట్టనే లేదు. పడమటి ఎండకు దాని ఆకులు పండుటాకుల్లా రాలి తులసికోటలో పడుతున్నాయి. ఆ రోజే తీసేశాను. ఇప్పుడు పండగకి నిజం మామిడాకులే కడుతున్నాం, వాడిపోతే మొక్కల మొదట్లో వేస్తున్నాం.

పెళుసు బారిన వాటిని తీయడం ఎలా

అసలు కష్టం ఇక్కడే ఉంది. నేను తప్పు చేసిందీ ఇక్కడే.

పొద్దున్నే, సముద్రం గాలి లేవకముందు పని పెట్టుకోండి. మంచు తడి ఉంటే మరీ మంచిది. తీయబోయే వస్తువు కింద పాత కాటన్ చీర పరవండి. చిన్న స్ప్రే సీసాతో నెట్‌ని రెండు వైపులా తడపండి. నీళ్లు కారకూడదు, పొడి అంటుకుపోయేంత తడి చాలు. తాళ్లను లాగకండి, ముడి విప్పబోకండి. కత్తెరతో ముడికి పక్కన కత్తిరించండి. తర్వాత చాప చుట్టినట్టు ఒక అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ రండి. దులపడం, విదిలించడం వద్దు. చుట్టిన దాన్ని చీరతో సహా మూటకట్టి కిందికి దించండి.

గ్రో బ్యాగ్ అయితే మొక్క ఉండగా చేయి వేయకండి. సంచి గట్టిగా ఉన్న వైపు నుంచి నిలువుగా కోసి, మట్టిగడ్డ విరగకుండా కొత్త కుండీలోకి మార్చండి. చిరుగులున్న సంచిని చెవులు పట్టుకుని ఎత్తితే మాత్రం అడుగు ఊడిపోయి అల్లిక పోగులన్నీ మట్టిలో కలుస్తాయి. నావి రెండు అలాగే పోయాయి.

తీశాక డాబా కడగకండి. కొండచీపురుతో మెల్లగా ఊడ్చి చేటకెత్తండి. మిగిలిన పొడిని తడిగుడ్డతో అద్దండి. ఆ తర్వాత వాన గొట్టం మూతికి లోపలి వైపు ఒక పాత పంచె ముక్క వదులుగా కట్టండి. మొదటి రెండు మూడు వానలకు ఎంత వస్తుందో మీరే చూస్తారు. గుడ్డను వానకొకసారి తీసి ఆరబెట్టి, అంటుకున్నది చేత్తో ఒలిచి మళ్లీ కట్టాలి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో తీసేయండి, లేకపోతే నీళ్లు దిగక డాబా చెరువవుతుంది.

మళ్లీ నెట్ కావాలా? మాకు ఎండాకాలం వంగనారుకి, టమాట నారుకి కావాలి. అందుకని ఒక చిన్న ముక్క కట్టాను. కట్టిన నెల, సంవత్సరం ఒక రేకు ముక్క మీద రాసి కొక్కానికి తగిలించాను. రెండో వేసవి అవగానే, అది ఇంకా గట్టిగా కనిపించినా, తీసేస్తాను. మిగతా డాబాకి ఆనప పాదు పందిరే నీడ. పందిరికి కొబ్బరి తాడు వాడాను. ఏడాదికే కుళ్లుతుంది, కుళ్లింది మట్టిలో పడితే నాకు బాధ లేదు.

వడియాల సంగతి

ఇది మన ఇళ్లకే ప్రత్యేకం. అమ్మ వాళ్లు వడియాలు తడి పంచె మీద పెట్టేవారు. మధ్యలో ఎప్పుడో ప్లాస్టిక్ షీటు వచ్చింది, ఇట్టే ఊడొస్తాయని అందరం దానికి మారిపోయాం. నేనూ మారాను. పోయిన వేసవికి ముందు నేను వాడే షీటుని వెలుతురుకి పట్టి చూశాను. నాలుగైదు వేసవులు ఎండలో ఉడికింది అది. వడియం పెట్టిన ప్రతి చోటా గుండ్రంగా ఒక గరుకు మచ్చ, మచ్చ అంచున సన్నటి పగుళ్లు. ఎండిన వడియంతో పాటు షీటు పైపొర కూడా లేచి వస్తోంది. అది నూనెలో వేగి మన కంచంలోకే వస్తుంది.

పంచె మీద పెడితే ఊడిరావనే భయం వద్దు. బాగా ఉతికిన, గంజి లేని పాత పంచెను తడిపి పిండి, మంచం మీద బిగుతుగా పరిచి పెట్టండి. పూర్తిగా ఎండాక పంచెను తిరగేసి వెనక వైపు నీళ్లు చిలకరించండి. రెండు నిమిషాలాగి అంచు నుంచి గుడ్డని వెనక్కి లాగితే వడియం దానంతటదే విడిపోతుంది. మళ్లీ ఒక పూట ఎండలో పెడితే సరి. మిరపకాయలు, మామిడి ఒరుగులు, చింతపండు అన్నీ చాప మీదో పాత చీర మీదో ఆరబెట్టవచ్చు.

ఊళ్లో మా తమ్ముడు పుచ్చ వేస్తాడు, కలుపు రాకుండా మల్చింగ్ షీటు పరుస్తాడు. ఆ షీటు మందం 25, 30 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనం కూరగాయలు తెచ్చుకునే కవరు 120 మైక్రాన్ల కన్నా పలచగా ఉండకూడదని 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిబంధన ఉంది. అందులో నాలుగో వంతు మందమే ఉన్న షీటు పంట కాలమంతా ఎండలో పడి ఉంటుంది! కాయ కోత కాగానే రొటవేటర్ పెట్టి దున్నేస్తే అది చేలోనే ముక్కలై పోతుంది. తమ్ముడికి చెప్పి చెప్పి ఒప్పించింది ఏమిటంటే, కోత అయిన వారంలోపే ఒక తడి ఇచ్చి, నేల మెత్తబడ్డాక గట్టు వైపు నుంచి చుట్టుకుంటూ తీయించడం. ఇద్దరు కూలీల ఖర్చు పడుతుంది. మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే ఈ ఒక్కటి చేయించండి, ఇంట్లో నేను చేసే పనులన్నిటికంటే అదే పెద్దది.

బట్టలు ఉతికేటప్పుడు

సంచులు, సీసాలే శత్రువులని నేను చాలాకాలం అనుకున్నాను. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం, అదే ఐయూసీఎన్, 2017లో వేసిన అంచనా చూశాక అభిప్రాయం మారింది. సన్నటి రూపంలోనే నేరుగా సముద్రంలో కలిసే ప్లాస్టిక్‌లో నూటికి 35 పాళ్లు సింథటిక్ బట్టల ఉతుకుడు నుంచి, 28 పాళ్లు వాహనాల టైర్ల అరుగుదల నుంచి, 24 పాళ్లు నగరాల దుమ్ము నుంచి వస్తాయట. ఆరు కిలోల అక్రిలిక్ బట్టలు ఒకసారి ఉతికితే ఏడు లక్షలకు పైగా పోగులు రాలవచ్చని 2016లో ప్లిమత్ వాళ్లే లెక్క కట్టారు.

మీ బట్టల్లో ఏవి ప్లాస్టిక్కో ముందు తెలుసుకోండి. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద వెలిగించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తాయి. పాలిస్టరు ముడుచుకుపోయి, కరిగి, చివర గట్టి పూసలా గడ్డకడుతుంది. కాటన్ అని చెప్పి అమ్మిన నా చీరల్లో మూడింటికి పూస వచ్చింది.

ఉన్న బట్టలు పారేయకండి, పారేస్తే అవి చెత్తకుప్పలో రాలతాయి. ఉతికే తీరు మార్చుకుంటే చాలు. చల్లటి నీళ్లు, తక్కువ సమయం, మిషను నిండుగా. బట్టలు తక్కువ, నీళ్లు ఎక్కువ అయితే పోగులు ఎక్కువ రాలతాయి. సున్నితమైన బట్టలకని మిషనులో ఉండే సైకిల్ నీళ్లు ఎక్కువ తీసుకుంటుంది కాబట్టి దాంట్లోనే ఎక్కువ రాలతాయని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో కొలిచి చూపారు. పాలిస్టరు చీరను బండకేసి బ్రష్షుతో రుద్దడం కూడా మానండి, సబ్బు నీళ్లలో నానబెట్టి జాడిస్తే సరిపోతుంది.

మిషనులో నూగు పట్టే చిన్న వల సంచి ఉంటుంది. దాన్ని మనందరం తీసి కుళాయి కింద పెట్టి కడుగుతాం. అంత కష్టపడి మిషను పట్టుకున్నదాన్ని మళ్లీ కాలువలోకి వదిలేస్తున్నామన్నమాట. సంచిని ఆరనివ్వండి. ఆరాక నూగు పొరలా ఒలుచుకు వస్తుంది, తీసి డబ్బాలో వేయండి.

మిషను నుంచి బయటికి వచ్చే నీళ్లకు నేను ఒక వెడల్పాటి వెదురు బుట్ట పెట్టాను. అందులో పాత పంచె ఒక్క పొర. గొట్టం నీళ్లు బుట్టలో పడి గుడ్డలోంచి దిగి తూములోకి పోతాయి. మొదట నాలుగు మడతలు వేశాను, నీళ్లు దిగక వరండా అంతా నిండిపోయింది. గొట్టం మూతికే గుడ్డ కట్టేయడం మాత్రం వద్దు, మోటారు మీద భారం పడుతుంది. మనవరాలి గులాబీ రంగు ఫ్లీస్ దుప్పటి, అంటే మెత్తటి నూగున్న పాలిస్టరు దుప్పటి, ఉతికిన రోజు గుడ్డ మీద తడి బూజులాంటిది దళసరిగా చేరింది. మర్నాటికి ఎండి, వేలితో ఎత్తితే చిన్న గులాబీ రంగు కంబళి ముక్కలా లేచి వచ్చింది. ఒకే ఒక్క ఉతుకుకి అంత! గుడ్డకు చిక్కనంత సన్నవి ఎన్ని పోయాయో కంటికి కనబడదు. ఆ దుప్పటి ఇప్పుడు ఎండలో దులపడమే తప్ప చలికాలం మొత్తానికి ఒకసారే ఉతుకుతున్నాం. దులపడం కూడా నాకు పూర్తిగా నచ్చదు కానీ అంతకన్నా మంచి దారి దొరకలేదు.

కొత్త మిషన్లకు పోగులు పట్టే ఫిల్టర్ ఉండాలని ఫ్రాన్స్ 2020లోనే చట్టంలో రాసుకుంది. మన దగ్గరా కొనేటప్పుడు ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టాలి.

వంటింట్లో

ఇక్కడ మన పాత సామానే చాలు. ప్లాస్టిక్ పలక మీద కూరగాయలు తరిగితే కత్తి గాటు పడ్డ ప్రతిసారీ పలక కూడా కాస్త తరుగుతుంది. అటక మీది కత్తిపీట దింపాను, దానికి పలకే అక్కర్లేదు. కింద కూర్చోలేని వాళ్లకు చెక్క పలక. ఆకుపచ్చ స్క్రబ్బర్ అరిగి అరిగి సగమవుతుంది కదా, ఆ మిగతా సగం సింకులోంచి పోయింది. దాని బదులు బీరకాయ పీచు. ముదిరిన నేతిబీరకాయ ఒకటి పాదు మీదే ఎండనిస్తే మూడు నెలలకు సరిపడా పీచు.

పేపర్ కప్పు పేరుకే పేపరు, లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో పోసిన 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి 15 నిమిషాల్లో దాదాపు 25,000 సన్నటి ముక్కలు వస్తాయని 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు లెక్కించారు. నేను సంచిలో ఒక స్టీలు గ్లాసు పెట్టుకుని తిరుగుతాను. టీ కొట్టు అబ్బాయి ఇప్పుడు నన్ను చూడగానే చెయ్యి చాపుతాడు. పొగలు కక్కే సాంబారు, టీ కవర్లలో పార్సిల్ తెచ్చుకోవడం మాత్రం ఈ రోజే మానండి.

ఇసుకలో ఉందో లేదో చూడటం

పిల్లలతో చేయదగ్గ ప్రయోగం ఇది. లీటరు నీటిలో 350 గ్రాముల ఉప్పు కలిపి, కరిగాక గుడ్డతో వడకట్టండి. వడకట్టడం ఎందుకంటే, మన దేశపు ఉప్పు రకాల్లోనూ మైక్రోప్లాస్టిక్ ఉన్నట్టు బొంబాయి ఐఐటీ వాళ్లు 2018లో కనుగొన్నారు. ఈ ఉప్పు నీరు మామూలు నీటి కన్నా 1.2 రెట్లు బరువు. ఇసుక మునుగుతుంది, పాలిథిన్, థర్మకోల్, నైలాన్ తేలతాయి. నీళ్ల సీసా ప్లాస్టిక్, పీవీసీ ఇంతకన్నా బరువు కాబట్టి మునిగిపోతాయి. పైన దొరికిందే మొత్తం అనుకోకండి.

బీచ్‌లో అలలు చెత్త వదిలి వెళ్లిన గీత దగ్గర గుప్పెడు ఇసుక తెచ్చి ఆరబెట్టండి. గాజు సీసాలో వేసి, ఉప్పు నీళ్లు పోసి, గరిటెతో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పై నీటిని తెల్లగుడ్డ మీద వంచండి. అనుమానంగా ఉన్న ముక్కకు ఎర్రగా కాల్చిన సూది ఆనిస్తే, ప్లాస్టిక్ అయితే కరిగి ముడుచుకుంటుంది. ఇది పెద్దవాళ్లే, కిటికీ తెరిచి చేయాలి.

ఆర్కే బీచ్ నుంచి తెచ్చిన గుప్పెడులో మాకు నీలం తాడు పోగులు, థర్మకోల్ గుండ్లు, రంగు వెలిసిన రేకు ముక్కల్లాంటివి వచ్చాయి. వాటి మధ్య ఒక ఆకుపచ్చ పోగు ఉంది. మనవరాలు భూతద్దం పెట్టి చూసి, "అమ్మమ్మా, ఇది మన నెట్‌దేనా?" అంది. చెప్పలేనమ్మా అన్నాను. ఎవరిదో చెప్పలేని స్థితికి వచ్చాక ఎవరూ వచ్చి తీసుకెళ్లరు.

మన చేతిలో పూర్తిగా లేనివి

టైరు అరుగుదలకు గుడ్డ కట్టలేం. గాలి సరిగ్గా కొట్టించుకుంటే, సడన్ బ్రేకులు తగ్గిస్తే అరుగుదల తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, అరిగిన టైరు ఇంటి వెనక ఎండకీ వానకీ పడేయకూడదు. భోగి మంటలో అసలు వేయకూడదు. మంటలో వేస్తే పోతుందనుకుంటారు. సగం కాలిన ముక్కలు బూడిదలో మిగులుతాయి, మిగతాది పిల్లలు పీల్చే పొగ. మా వీధిలో రెండేళ్లుగా భోగికి ముందు రోజు నేనే ఇంటింటికీ వెళ్లి అడుగుతున్నాను. పిడకలు, పాత చెక్క నేనే తెచ్చి ఇస్తానంటే కుర్రాళ్లు ఒప్పుకున్నారు. సంక్రాంతి ముగ్గుల్లో చల్లే తళుకు పొడి కూడా ప్లాస్టిక్ రేకే, తెల్లారి కళ్లాపితో కాలువలోకి పోతుంది. దాన్ని కొనకుండా ఉండటం తేలిక.

పోగు చేసిన దాన్ని ఏం చేయాలి

పాత సామాన్ల అతను నలిగిన ప్లాస్టిక్ తీసుకోడు. గట్టిగా ఉండగానే ఇస్తే బకెట్టు, కుర్చీ తీసుకుంటాడు. త్వరగా తీసేయమని నేను పోరు పెట్టడానికి అదొక కారణం. నెట్, బస్తా పోగులు, నూగు, చేటకెత్తిన పొడి అన్నీ ఒక పాత నీళ్ల సీసాలో కుక్కి మూత బిగించి పొడి చెత్తతో పాటు ఇస్తాను. విడిగా ఇస్తే బండి ఎక్కేలోపే సగం వీధిలో రాలుతుంది. సీసా నిండేదాకా నీడలో, బీరువా వెనక ఉంచండి. అలాంటి సీసాలు డాబా మీద పేర్చి గోడలు, బల్లలు కట్టే ఆలోచన నాకు ఇష్టం లేదు, ఎండలో ఆ సీసాలూ పగులుతాయి.

గ్రో బ్యాగ్ పోగులు కలిసిపోయిన మట్టి ఇంకా నా దగ్గర ఉంది, రెండు తొట్ల నిండా. పెద్దవి జల్లెడ పట్టి తీశాను. తర్వాత బకెట్టు నీళ్లలో కొంచెం కొంచెం మట్టి వేసి తేలినవి ఎత్తాను. వాటితో పాటు సన్నటి వేళ్లు, ఊక కూడా తేలి, ఏది ఏదో ఏరలేక రెండు పూటల తర్వాత ఆపేశాను. ఆ మట్టిలో ఇప్పుడు ఆకుకూరలు వేయడం లేదు, మందార, నందివర్ధనం ఉన్నాయి. ఇల్లు మారినా ఆ మట్టిని గెడ్డలో పోయొద్దని పిల్లలకు చెప్పి ఉంచాను.

వాన గొట్టం మూతికి కట్టిన పంచె ముక్క ఇంకా తీయలేదు. రెండేళ్లయింది, డాబా ఎన్నిసార్లు ఊడ్చానో లెక్కలేదు. పిట్టగోడ పగుళ్లలో, కుండీల అడుగున ఎక్కడో దాక్కున్నవి వానకి కదిలి వస్తున్నాయి. మొన్నటి వాన వెలిశాక గుడ్డ విప్పి ఆరబెట్టి చూస్తే ఆకుపచ్చ పోగులు ఏడు వచ్చాయి. సీసాలో వేసి గుడ్డ మళ్లీ కట్టాను.